చలికాలం పనుల డైరీ: వేడి పుట్టించడం కన్నా పోకుండా ఆపడమే చవక

మేముండేది నల్లగొండ జిల్లాలో, దేవరకొండకూ డిండికీ మధ్య ఒక ఊళ్లో. హైదరాబాద్ ఎల్బీనగర్‌లో ఫ్లాట్ ఖాళీ చేసి వచ్చాక ఇది మా మొదటి చలికాలం. ఎందుకొచ్చాం, వచ్చాక ఎలా అనిపించింది అన్నవి ఇందులో ఉండవు. నీళ్లు కాచుకోవడం, యాసంగి నారు, కోడిపిల్లలు, కందులు, ఈ నాలుగు పనుల్లో ఏది చెడింది, ఏం మార్చాం, ఎంతయింది, ఇంతే రాస్తున్నా. ఇటువైపు రావాలనుకునేవాళ్లు నేరుగా వాడుకోవచ్చు.

దశ 0: ముందు కొలవడం (కార్తీకం చివర)

"చలి బాగుంది" అనుకుంటే ఏ పనీ తెమలదు. ఎంత చలి, ఏ చోట, ఏ గంటకు అన్నది తెలియాలి. కనిష్ఠం, గరిష్ఠం రెండూ గుర్తుంచుకునే డిజిటల్ థర్మామీటర్లు రెండు తెచ్చాం. ఒకటి వాకిట్లో గోడకు, ఇంకోటి నారుమడి గట్టు మీద జానెడు ఎత్తు కర్రకు కట్టాం. వాకిట్లో 14 డిగ్రీలు చూపించిన తెల్లవారుజామున మడి దగ్గర 11.5 ఉంది. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది, అందుకే నేలకు దగ్గరగా ఉండే గాలి ఇంకా చల్లబడుతుంది. ఫోన్లో చూపించే ఉష్ణోగ్రతను నమ్మి పొలం పని చేస్తే రెండు మూడు డిగ్రీలు తేడా కొడుతుంది, నారుకు ఆ తేడా చాలా ఎక్కువ.

గరిష్ఠం ఎప్పుడూ 28 దాటే ఉంది. అంటే పగలు వేడికి కొదవలేదు, రాత్రి దాన్ని నిలబెట్టుకోవడమే సమస్య. మిగతా పనులన్నీ ఈ ఒక్క లెక్క మీదే నడిచాయి.

థర్మామీటర్లు రూ. 900, ప్లగ్గులో పెట్టి వోల్టేజీ చూసే చిన్న మీటరు రూ. 250, కొక్కెం కాంటా రూ. 350. మొత్తం: రూ. 1,500.

దశ 1: స్నానాల నీళ్లు

సిటీ నుంచి తెచ్చిన 1500 వాట్ల హీటర్ రాడ్ ఇక్కడ పనికిరాలేదు. ఎందుకో మీటరు పెట్టాక తెలిసింది. మా దగ్గర ఇళ్లకూ బోర్లకూ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్, పొద్దున ఆరింటికి అందరి మోటార్లూ ఒకేసారి నడుస్తాయి. ఆ టైముకు వోల్టేజీ 170. రాడ్ ఇచ్చే వేడి వోల్టేజీ వర్గంతో తగ్గుతుంది కాబట్టి 230 దగ్గర 1500 వాట్లు ఇచ్చేది 170 దగ్గర 820 మాత్రమే ఇస్తుంది. పావుగంటలో కాగాల్సిన బకెట్‌కు దాదాపు అరగంట పడుతుంది. నలుగురున్న ఇంట్లో అది కుదిరే పని కాదు.

తర్వాత మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద బగోన పెట్టాం. 40 లీటర్లకు మూడున్నర కిలోల కట్టెలు పోయాయి (తూకం వేసే పెట్టాం), పొగ వేరే. అత్తమ్మకు దగ్గు మొదలైంది, దాంతో పొయ్యి ఆపేశాం.

చివరికి పాత రాగి బాయిలర్, 40 లీటర్లది, ఇత్తడి సామాన్ల కొట్టులో సెకండ్ హ్యాండ్ దొరికింది. నడుమ గొట్టం, కింద నిప్పు, చుట్టూ నీళ్లు. అదే 40 లీటర్లు రెండు కిలోల కట్టెతో కాగాయి. ఇంకా తగ్గించే ఉపాయం పక్కింటి అవ్వ చెప్పింది. మేం బాయిలర్లోకి మేడ మీద ట్యాంకు నీళ్లు పడుతుంటే చూసి, "అవి మంచు గడ్డలైతయి గద బిడ్డా, బోరు నీళ్లే పట్టు, అవి గోరువెచ్చగుంటయ్" అంది. థర్మామీటరు ముంచి చూశాం. తెల్లవారుజామున ట్యాంకు నీళ్లు 17, బోరు నుంచి అప్పుడే వచ్చే నీళ్లు 27. లోతున భూమి ఏడాది పొడుగునా దాదాపు ఒకే వేడిలో ఉంటుంది గనక చలికాలంలో బోరు నీళ్లు మనకు వెచ్చగా తగులుతాయి. 42కు కాచాలంటే 25 డిగ్రీలు పెంచాల్సిన చోట 15 చాలు. మోటారు వేసినప్పుడు నేరుగా బాయిలర్లోకి పైపు మళ్లించాం. కట్టె కిలో 200 గ్రాములకు దిగింది. ఈ మార్పుకు ఒక టీ జాయింటు, ఒక వాల్వు తప్ప ఏమీ ఖర్చు లేదు.

బాయిలర్‌కు చేసినవి:

1. ఇటుకల అరుగు కట్టి, కింద బూడిద జారేలా ఇనుప చువ్వల జాలీ పెట్టాం. జాలీ లేకుండా కాల్చినప్పుడు గాలి అందక పొగ ఎక్కువైంది.
2. బాయిలర్ చుట్టూ రెండంగుళాల సందు వదిలి రేకు చుట్టి, ఆ సందులో వరి ఊక దట్టంగా కూరాం. ఊక తడవకుండా పైన మట్టి మెత్తాం.
3. నిప్పులు పూర్తిగా ఆరాక గొట్టం మూతికి రేకు మూత పెడుతున్నాం. మూత లేకపోతే గొట్టంలోంచి గాలి పైకి లాగేస్తూ రాత్రంతా నీళ్లను చల్లారుస్తుంది.

రాత్రి తొమ్మిదికి 70 ఉన్న నీళ్లు తెల్లారి ఐదింటికి, ఊక లేనప్పుడు 31, ఊకా మూతా పెట్టాక 46. అంటే రాత్రి వంటయ్యాక ఒకసారి మంట పెడితే పొద్దున మళ్లీ పెట్టనక్కర్లేదు. నాకు ఈ చలికాలంలో అన్నిటికన్నా తృప్తినిచ్చిన కొలత ఇదే.

జాగ్రత్త ఒకటి. ఈ నీళ్లు స్నానానికీ గిన్నెలకూ మాత్రమే. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది, కాచితే అది పోదు సరికదా నీళ్లు ఆవిరయ్యేకొద్దీ చిక్కబడుతుంది. చలికాలం కదా కాచి తాగుదాం అనుకుని సిటీ అలవాటుతో బోరు నీళ్లు మరిగించి తాగొద్దు. తాగడానికి భగీరథ నల్లా నీళ్లే.

ఇక కట్టెలు. పచ్చి సర్కారు తుమ్మ కొట్టించుకుని అదే వారం కాల్చబోతే బుసబుసమని నురగ కక్కింది తప్ప మండలేదు. పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్లే, మంట వేడిలో కొంత ఆ నీళ్లను ఆవిరి చేయడానికే పోతుంది. ఎండిందో లేదో తెలుసుకోవడానికి ఒక దుంగకు గుర్తు పెట్టి వారానికోసారి కాంటాకు వేస్తున్నాం, బరువు తగ్గడం ఆగితే ఎండినట్టు. ఈలోపు కంది కట్టె, ఎండు కంప వాడాం. కంది కట్టె గుప్పున అంటుకుంటుంది, అంతే తొందరగా అయిపోతుంది, రాజేయడానికి మాత్రం దాన్ని మించింది లేదు.

పత్తి కట్టె ఊళ్లో ఊరికే దొరుకుతుంది, మేమూ బండెడు తెచ్చి పేర్చాం. తర్వాత వ్యవసాయ విస్తరణాధికారి చూసి తీసేయమన్నారు. గులాబీ రంగు పురుగు ఎండిన కాయల్లో, కట్టెల్లో దాక్కుని మళ్లీ వచ్చే పంట మీద పడుతుందట. మన పొయ్యి కోసం పక్కోళ్ల చేనుకు పురుగు పెంచడం న్యాయం కాదు. కాయలున్న కొమ్మలన్నీ విరిచి వెంటనే కాల్చేశాం, మిగతాది కూడా ముందు అదే వాడి ఖాళీ చేశాం.

కట్టెల కుప్పను గోడకు ఆనించకుండా, రాళ్ల మీద అడుగు ఎత్తున పేర్చండి. చెద పట్టదు. తేళ్లు మాత్రం చేరతాయి, కాబట్టి చీకట్లో చెయ్యి పెట్టొద్దు. పొద్దుండగానే మరుసటి రోజు కట్టెలు తీసి వాకిట్లో పెట్టుకుంటున్నాం.

బాయిలర్ రూ. 6,500, ఇటుకలు, చువ్వలు, టీ జాయింటు రూ. 600, రేకు రూ. 750, కట్టె కొట్టిన కూలి రూ. 1,200. దశకు రూ. 9,050. ఇప్పటిదాకా: రూ. 10,550.

దశ 2: యాసంగి నారుమడి (మార్గశిరం)

ఎకరం వరికి రెండు గుంటల నారుమడి, 25 కిలోల ఎంటీయూ 1010 రకం విత్తనం. దున్నడం, దమ్ము, చదును అన్నీ కౌలు తమ్ముడు చూసుకున్నాడు, అక్కడ రాయడానికేం లేదు. చెడిందంతా మండె (విత్తనాలు నానబెట్టి మొలకెత్తించడం) దగ్గరా, మొలిచాకా.

మండె: విత్తనాలు 24 గంటలు నానబెట్టి గోనె సంచుల్లో కట్టి బండల నేల మీద పెట్టాం. వానాకాలంలోనైతే ఒక్క రోజుకే మోసు (మొలక) వస్తుంది. మాది విప్పి చూస్తే నడుమ ఉన్నవి మొలిచాయి, అడుగున బండకు తగిలినవి అలాగే ఉన్నాయి. థర్మామీటరు దూర్చితే నడుమ 29, అడుగున 19. ఇలా ఎగుడుదిగుడుగా మొలిచిన విత్తనం చల్లితే మడి కూడా ఎగుడుదిగుడే. ఆ సంచి కోళ్లకు పోయింది. రెండోసారి మార్చినవి:

1. నానబెట్టే నీళ్లు బోరు నుంచి అప్పుడే పట్టినవి, ఆరారగా మారుస్తూ.
2. సంచి కింద జానెడు మందాన వరిగడ్డి.
3. పైనా చుట్టూ గడ్డి, ఆ పైన పాత రగ్గు.
4. పూటకోసారి విప్పి గోరువెచ్చని నీళ్లు చిలకరించి, పైవి కిందికి కిందవి పైకి కలపడం.

అడుగున కూడా 30 వచ్చింది. మోసు రావడానికి వానాకాలం కన్నా దాదాపు రెట్టింపు టైము పట్టింది, కానీ అన్నీ ఒకేసారి తెల్లగా ముక్కులు బయటపెట్టాయి. యాసంగిలో ఈ టైము ఇవ్వాల్సిందే, తొందరపడి సగం మొలిచినవి చల్లొద్దు.

మొలిచాక: రెండాకులు వచ్చేదాకా బాగానే ఉండి, తర్వాత మడంతా పసుపు తిరిగింది. పెరుగుదల ఆగిపోయింది, ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు. యూరియా కొడదామని మా ఆయన టెన్షన్ పడ్డాడు. తమ్ముడు ఆపాడు: "అన్నా, అది ఆకలి కాదు, సలి." మడి నీళ్లు తెల్లవారి 13 డిగ్రీలు ఉన్నాయి. వేళ్లు అంత చల్లటి నీళ్లలో ఉంటే నేలలో ఉన్న పోషకాన్ని కూడా తీసుకోలేవు, యూరియా వేస్తే డబ్బులు నీళ్లలో పోసినట్టే. చేసినవి మూడు.

మొదటిది, పొద్దున ఏడింటికి రాత్రి నిలవున్న చల్లటి నీళ్లు తీసేసి, బోరు నీళ్లు పెట్టడం. ఇది అందరూ చెప్పేదే, కానీ మా కాలువ పొడుగు ఎక్కువ కావడంతో బోరు దగ్గర 27 ఉన్నవి మడికి చేరేసరికి 21 అయ్యాయి. కాలువ వదిలేసి పైపుతో నేరుగా పోశాక 25. చిన్న మార్పే, ఆకు రంగులో మాత్రం వారంలో తేడా కనిపించింది.

రెండోది, రాత్రి కప్పు. పలుచని పాలిథిన్ పట్టా తెచ్చి నేరుగా నారు మీద పరిచాం. రెండు నష్టాలు జరిగాయి: పట్టా తగిలిన చోటల్లా ఆకు కొసలు ఉడికినట్టయ్యాయి, ఒక రోజు ఇంటికి చుట్టాలొచ్చి తీయడం పది దాటితే ఎండకు లోపల వేడెక్కి ఒక మూల మాడిపోయింది. ఆ తర్వాత గాలికి పట్టా చినిగి గట్టు మీదికి పోయింది. మార్చి ఇలా చేశాం: వెదురు బద్దలను విల్లులా వంచి మోకాలెత్తున గుచ్చి, ఖాళీ యూరియా సంచులు విప్పి కుట్టించిన పట్టాలు వాటి మీద కప్పి, అంచులు బురదతో అణిచాం. సంచి పట్టా బరువుంటుంది, ఎగరదు, నారుకు తగలదు. కప్పు లోపల 15.5, బయట 11.5. నాలుగు డిగ్రీలు, పైసా కరెంటు లేకుండా.

కప్పే టైము కూడా కొలిచాం. సాయంత్రం నాలుగున్నరకు కప్పితే లోపల తెల్లారి 15.5, చీకటి పడ్డాక కప్పితే 13. పగటి వేడి ఇంకా నేలలో ఉండగానే మూత వేయాలి. తీయడం మాత్రం ఎనిమిదింటికల్లా.

మూడోది, లీటరు నీటికి రెండు గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి పిచికారీ. భాస్వరం ఎరువుతో దీన్ని కలపొద్దు, కలిపితే రెండూ పనిచేయవు. తుప్పు మచ్చలు కొత్త ఆకుల మీద రావడం ఆగింది.

పాలిథిన్ రూ. 1,400 (దండగ), వెదురు రూ. 600, సంచులు, కుట్టుకూలి రూ. 900, జింకు రూ. 90. దశకు రూ. 2,990. ఇప్పటిదాకా: రూ. 13,540.

దశ 3: కోడిపిల్లలు (ధనుర్మాసం)

చలికాలంలో పిల్లలు తేవద్దని అవ్వ చెప్పింది. సంక్రాంతి దాటాక తెచ్చి ఉంటే ఈ దశ సగం ఉండేది కాదు. తెచ్చాం కనుక రాస్తున్నా: 40 నాటుకోడి పిల్లలు, ఒకరోజు వయసువి.

మొదటి వారం పిల్లల వీపు ఎత్తులో 35 డిగ్రీలు ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. రేకుతో గుండ్రంగా కంచె, కింద రెండంగుళాల ఊక, పైన బల్బు. బల్బు వెలుగుతోంది, పిల్లలేమో ఒకదాని మీద ఒకటి ఎక్కి అరుస్తున్నాయి. థర్మామీటరు 22 చూపించింది. కొట్టులో ఇచ్చింది ఎల్ఈడీ, అది వెలుతురిస్తుంది కానీ వేడి ఇవ్వదు. అడిగి మరీ 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బులు తెచ్చుకోండి, అన్ని కొట్లలో దొరకవు.

బల్బు మార్చాక 34 వచ్చింది. ఆ రాత్రే రెండింటికి కరెంటు పోయి నాలుగున్నరకు వచ్చింది. ఆరు పిల్లలు పోయాయి. చలికి చచ్చినవి కొన్నే, మిగతావి వెచ్చదనం కోసం కుప్పపడ్డ పిల్లల కింద ఊపిరాడక పోయినవి. మూలలు ఉంటే కుప్ప ఇంకా ఎక్కువ పడతాయి, అందుకే కంచె గుండ్రంగానే ఉండాలి. ఆ చిన్న శరీరాలు చేతిలోకి తీసుకున్నాక ఇంకోసారి అలా జరగనివ్వకూడదనుకున్నాం.

బొగ్గుల కుంపటి పెట్టమన్నారు కొందరు. మూసిన గదిలో కుంపటి పెట్టొద్దు, పిల్లలకే కాదు మనుషులకూ ప్రాణం మీదికి వస్తుంది, బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగూ వాసనా ఉండవు. మేం చేసింది: రాత్రి తొమ్మిదికి బాయిలర్లోంచి 70 డిగ్రీల నీళ్లు రెండు ఐదు లీటర్ల స్టీలు క్యాన్లలో పట్టి, గోనెపట్టా చుట్టి కంచెలో పెట్టడం. కరెంటు ఉన్నా లేకున్నా అవి అక్కడే ఉంటాయి. తర్వాత మళ్లీ కరెంటు పోయినప్పుడు పిల్లలన్నీ క్యాన్లను ఆనుకుని పడుకున్నాయి, ఒక్కటి కూడా పోలేదు. తెల్లారేసరికి క్యాన్ల పక్కన ఇంకా 29 ఉంది.

గాలి విషయంలోనూ ఒకటి మార్చాం. చలి రాకూడదని గదికి కిటికీతో సహా పట్టాలు కట్టేస్తే తెల్లవారి లోపలికి వెళ్లగానే కళ్లు మండాయి, ఊకలో రెట్ట తడికి అమ్మోనియా. పిల్లల ఎత్తు వరకు మాత్రమే పట్టా ఉంచి, పైన కిటికీ బెత్తెడు తెరిచాం. తడిసిన ఊక రోజూ తీసేస్తున్నాం. కొక్కెర రోగానికి లసోటా టీకా చుక్కలు ఏడో రోజు కంట్లో వేయించాం.

పిల్లలు రూ. 1,800, రేకు రూ. 400, బల్బులు, వైరు రూ. 350, క్యాన్లు రూ. 300, మందు రూ. 150. దశకు రూ. 3,000. ఇప్పటిదాకా: రూ. 16,540. మిగిలినవి 34.

దశ 4: కందులు (సంక్రాంతి ముందు)

ఎర్ర చెలకలో వేసిన కంది కోసి, కట్టలు ఎండబెట్టి, కర్రలతో కొట్టి తూర్పారబట్టాక 212 కిలోలు. గింజను పంటితో కొరికితే మెత్తగా దిగింది, అంటే తడి ఉంది. ఈ తడితో సంచులకెత్తితే బూజు, పురుగు రెండూ ఖాయం.

టార్పాలిన్ మీద పగలంతా ఎండబెట్టి రాత్రి అలాగే వదిలేశాం, వాన లేదు కదా అని. రోజూ పది కిలోల బుట్ట ఒకటి తూచి చూస్తుంటే సాయంత్రానికి తగ్గిన బరువులో సగం పొద్దున్నే తిరిగి వచ్చేస్తోంది. మంచు. పగలు చేసిన పనిని రాత్రి వెనక్కి లాగేస్తోంది. మార్చాక:

1. నేల మీద మంచు ఆరాక, తొమ్మిది దాటాక పరవడం. పొర రెండు వేళ్ల మందమే.
2. గంటకోసారి కాలితో తిరగేయడం.
3. నాలుగున్నరకు, గింజ ఇంకా వెచ్చగా ఉండగానే కుప్ప చేసి టార్పాలిన్ మడిచి కప్పడం.

ఈ పద్ధతిలో 212 కిలోలు 197కు దిగాయి. మొదటి పరీక్షకు ఉప్పు సీసా చాలు: ఎండు ఉప్పూ గుప్పెడు గింజలూ సీసాలో వేసి ఊపితే ఉప్పు గాజుకు అంటుకోకూడదు. కానీ అది బాగా తడి ఉంటేనే పట్టిస్తుంది, ఆ తర్వాతి దశకు పన్నే నమ్మకం. అవ్వ ఒక గింజ నోట్లో వేసుకుని టక్కున కొరికి "ఇగ ఎత్తు" అన్నాకే ఎత్తాం.

సంచులకెత్తేది మాత్రం మరుసటి పొద్దున, గింజ చల్లబడ్డాక. వేడి గింజను గాలి చొరని సంచిలో మూస్తే లోపల చెమ్మ పడుతుంది. మిగతా పనుల్లో వేడిని నిలపాలి, ఇక్కడొక్కచోటే దాన్ని పోనివ్వాలి. విత్తనానికి అనుకున్న ఐదు కిలోలు వేరుగా ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టి కుండలో, మిగతాది లోపల ప్లాస్టిక్ పొరలున్న నాలుగు సంచుల్లో గాలి పిండి కట్టాం. పుచ్చు పురుగు చేనులోనే కాయ మీద గుడ్లు పెట్టి వస్తుంది కాబట్టి ఒక సంచి నెలకోసారి విప్పకుండా పైనుంచి తడిమి చూస్తాం, పిండి తగిలితే అన్నీ మళ్లీ ఎండకే.

టార్పాలిన్ రూ. 1,300, సంచులు రూ. 480. ఇప్పటిదాకా: రూ. 18,320.

ఇప్పటి పరిస్థితి

నారు నాలుగైదు ఆకులకు వచ్చింది, మాడిన మూల తప్ప మిగతాదంతా పీకి నాటేశాం, తక్కువపడ్డ చోట తమ్ముడి మడి నుంచి రెండు కట్టలు తెచ్చాం. పిల్లలకు రెక్కలు వచ్చాయి, బల్బు తీసేశాం, క్యాన్లు ఇంకా పెడుతున్నాం. వెదురు బద్దలు, సంచి పట్టాలు కడిగి అటక మీద పెట్టాం. బాయిలర్ చుట్టూ ఉన్న ఊక కిందివైపు తడిసి నల్లబడింది, వాల్వు దగ్గర కారడమే కారణం. వాల్వు మార్చి, ఊక తీసి ఎండబెట్టి, ఈసారి అడుగున బెత్తెడు బూడిద పోసి దాని మీద ఊక కూరుతున్నాం. గుర్తు పెట్టిన తుమ్మ దుంగ ఇంకా బరువు తగ్గుతూనే ఉంది, కాబట్టి వచ్చే మార్గశిరానికి కావాల్సిన కట్టె ఈ మాఘంలోనే కొట్టించి పేరుస్తున్నాం. కూలి మాట్లాడాం, అది వచ్చే లెక్కలో రాస్తా.